ఇసుక నేలలో తంగేడు పెంచడం ఎలా?

బతుకమ్మ పండుగ దగ్గరపడే కొద్దీ తంగేడు గురించి అడిగేవాళ్లు పెరుగుతారు. ప్రశ్నలు మాత్రం దాదాపు ఎప్పుడూ ఆ మూడే. గింజలు విత్తితే మొలవలేదెందుకు? బీడులోంచి పీకి తెచ్చి నాటితే వారం తిరక్కుండానే వాడిపోయిందెందుకు? ఇంటి దగ్గర మొక్క ఏపుగా పెరిగింది గానీ పువ్వు పట్టలేదెందుకు? ఊళ్ల చుట్టూ ఉన్న బీళ్లు ప్లాట్లుగా మారుతున్నకొద్దీ పండుగకు పూలు దొరకడం కష్టమవుతోంది. తెలంగాణ రాష్ట్ర పుష్పాన్ని పండుగ నాడు కొనుక్కోవాల్సిన పరిస్థితి రాకూడదనుకుంటే ఇంటి దగ్గరో పొలం గట్టునో నాలుగు మొక్కలు పెంచుకోవడం తేలికైన పనే.

తంగేడు (సెన్నా ఆరిక్యులేటా) మన నేలకు కొత్తది కాదు. భారత్, శ్రీలంక, మయన్మార్ దీని సొంత ప్రాంతాలు. ఒకసారి వేళ్లూనుకుంటే ఏళ్ల తరబడి బతుకుతుంది. సాధారణంగా మనిషి నడుము నుంచి తలెత్తు వరకు పెరిగే పొద ఇది. చల్క (ఇసుక కలిసిన ఎర్ర నేల), దుబ్బ (వదులైన ఇసుక నేల), గుల్ల రాయి ఉన్న నేల, కోస్తా ఇసుక, అన్నిట్లోనూ పెరుగుతుంది. ఇది ఎండకు చావదు. ఎక్కువగా చచ్చేది నిలిచిన నీటివల్ల, తెగిన తల్లివేరువల్ల. మొదటి ఏడాది మీరు చేసే ప్రతి పనీ ఆ తల్లివేరు లోతుకు దిగడానికి సాయపడాలి. దిగాక మీ అవసరం దానికి పెద్దగా ఉండదు.

కావలసినవి

- బాగా ఎండిన తంగేడు కాయలు. ఒక్కో కాయలో పది నుంచి ఇరవై గింజల దాకా ఉంటాయి కాబట్టి పది మొక్కలకు పది పన్నెండు కాయలు చాలు
- గరుకు కాగితం ఒక ముక్క, లేదా గోళ్లు కత్తిరించే కట్టర్
- గడ్డపార, పార, తట్ట
- బాగా చివికిన పశువుల ఎరువు, గుంతకు దోసెడు చొప్పున
- నేల ఉత్త ఇసుక అయితే కొంచెం ఎర్రమట్టి లేదా చెరువు మట్టి
- ఎండుటాకులు, వేరుశనగ పొట్టు లేదా వరిగడ్డి
- అర మీటరు పొడవున్న ఇనుప చువ్వ ఒకటి. నీరు ఎంత లోతుకు దిగిందో చూడటానికి

యూరియా, డీఏపీ అక్కర్లేదు. రైజోబియం కల్చర్ (పప్పుజాతి మొక్కల వేళ్లకు నత్రజని అందించే బాక్టీరియా మందు) కూడా కొనకండి. తంగేడు చిక్కుడు కుటుంబపు మొక్కే అయినా దాని వేళ్లకు నత్రజని బుడిపెలు రావు, ఆ డబ్బు వృథా.

ముందు మొక్కను గుర్తుపట్టండి

ఇక్కడే చాలామంది మోసపోతారు. నర్సరీలో "తంగేడు" అని అడిగితే ఒక్కోసారి సీమతంగేడు చేతికిస్తారు. అది ఎత్తుగా పెరిగే చెట్టు, రోడ్ల పక్కన నీడకు వేసేది. నేలతంగేడు అంటే సునాముఖి, అది వేరే మొక్క. ఇక బీళ్లలో తంగేడు పక్కనే పెరిగే తంటెం, కసివింద కూడా పసుపు పూలే పూస్తాయి.

తేడా ఆకులో ఉంది. తంటేనికి ఒక ఈనెకు మూడు జతల చిట్టి ఆకులే, కొస వెడల్పుగా ఉంటుంది. కసివిందకు నాలుగైదు జతలు, మొన తేలి ఉంటాయి, నలిపితే ఘాటైన చెడు వాసన. తంగేడుకు ఎనిమిది నుంచి పన్నెండు జతలు, కొస గుండ్రం. ఈనె కొమ్మకు అతికే చోట వేలుపెట్టి చూడండి. అక్కడ చెవి ఆకారంలో రెండు ఆకుపచ్చ రేకులు కొమ్మను పట్టుకుని ఉంటాయి. ఇవి పెద్దవి, కంటికి స్పష్టంగా కనిపిస్తాయి. చిట్టి ఆకుల ప్రతి జత మధ్యా సన్నటి పుల్లలాంటి గ్రంథి నిలబడి ఉంటుంది. ఈ రెండూ ఉంటే అది తంగేడే, అనుమానం అక్కర్లేదు. కాయ కూడా చెబుతుంది: తంటేనిది సన్నగా పొడవుగా వంకర తిరిగి ఉంటే, తంగేడు కాయ కాగితంలా పలుచగా, వెడల్పుగా, గింజ ఉన్నచోటల్లా ఉబ్బి కనిపిస్తుంది.

1. గింజలు సేకరించండి

వానాకాలం పూలు కాయలై చలికాలం దాటేసరికి గోధుమరంగుకు తిరుగుతాయి. ఊపితే గలగలమనే కాయలే కోయండి. పచ్చిగా ఉన్నప్పుడు కోసి ఎండబెట్టిన కాయల గింజలు ముడతలు పడతాయి, మొలక బలంగా రాదు.

కాయ మీద గుండుసూది తలంత గుండ్రటి రంధ్రం ఉంటే లోపల పుచ్చు పురుగు తిన్నట్టే. ఆ కాయను పక్కన పడేయండి. కనీసం ఐదారు వేరువేరు పొదల నుంచి తీసుకోండి. ఒక్క పొద గింజలే వేస్తే దానికున్న బలహీనత ఏదైనా అన్ని మొక్కలకూ రావచ్చు. పొదకున్న కాయల్లో మూడో వంతుకు మించి కోయకండి, మిగతావి ఆ బీడుకే వదిలేయండి.

గింజలు ఒలిచి నీళ్లలో వేయండి. తేలినవి తీసేయండి, మునిగినవే విత్తనం. వెంటనే విత్తకపోతే నీడన ఆరబెట్టి, పొడి బూడిద కలిపి, మూత బిగుసుగా పట్టే సీసాలో పెట్టుకోండి. బూడిద లేకపోతే సీసాలో మిగిలిపోయిన పురుగు గుడ్లు పిల్లలై గింజలు తొలిచేయవచ్చు.

2. గింజ పెంకు పగలగొట్టండి

మొలవకపోవడానికి అసలు కారణం ఇదే. తంగేడు గింజ పెంకు నీటిని లోపలికి పోనివ్వదు. బీడులో అది ఎండకూ వానకూ నలిగి, ఒక్కో ఏడాది కొన్ని కొన్నిగా మొలుస్తుంది. మీకు అన్నీ ఒకేసారి మొలవాలంటే ఆ నలుగుడు మీరే చేయాలి. మూడు దారులున్నాయి.

గింజలు తక్కువైతే కట్టర్‌తో. గింజకు కాయతో అతికి ఉన్న బొడ్డు మచ్చ ఒకటి ఉంటుంది. దానికి ఎదురు వైపున పెంకును ఆవగింజలో సగమంత గిల్లండి. లోపలి తెలుపు కనిపిస్తే చాలు, ఇంకా లోతుకు పోతే పప్పు దెబ్బతిని కుళ్లుతుంది. బొడ్డు వైపు మాత్రం గిల్లకండి, మొలక వేరు అక్కడే ఉంటుంది.

పాతిక, యాభై గింజలుంటే గరుకు కాగితం నయం. రెండు ముక్కల మధ్య గింజలు వేసి, పెంకు మెరుపు పోయి మసకబారే దాకా రుద్దండి.

ఇంకా ఎక్కువుంటే వేడినీళ్లు. నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించి, రెండు మూడు నిమిషాలు ఆగి, గింజల మీద పోయండి. గింజలకు పది రెట్లు నీళ్లుండాలి. అలాగే మర్నాటి దాకా వదిలేయండి. గింజలను పొయ్యి మీద ఉడకనివ్వకూడదు, ఉడికితే చస్తాయి. నర్సరీల్లో గంధకామ్లం వాడేవాళ్లున్నారు. ఇంట్లో ఆ జోలికి పోవద్దు, అవసరం కూడా లేదు.

ఏ పద్ధతి పట్టినా ఒక రాత్రి నానబెట్టి చూడండి. నీరు తాగిన గింజ దాదాపు రెట్టింపు ఉబ్బి, మెత్తబడి, రంగు కాస్త తేలుతుంది. తాగనిది చిన్నగా, గట్టిగా, పోసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఉబ్బినవి ఆ రోజే విత్తేయండి. ఉబ్బనివి ఏరి మళ్లీ రుద్దండి. ఈ ఏరివేత చేయకుండా అన్నీ కలిపి విత్తినవాళ్లే "పదింటికి రెండే మొలిచాయి" అంటారు.

3. చోటు చూసుకోండి

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడాలి. నీడలో తంగేడు బతుకుతుంది, పొడవుగా సాగుతుంది, పూయదు. వాన వెలిశాక నీళ్లు నిలిచే పల్లం వద్దు. పచ్చికకూ కూరమళ్లకూ రోజూ నీళ్లు పారే చోటు కూడా వద్దు, ఆ తడి తంగేడుకు చేరకుండా చూడటం కష్టం.

మీ ఇసుక ఎలాంటిదో తెలుసుకోవాలి. పిడికెడు మట్టి తడిపి ఉండ చేయండి. ఉండ కట్టి, వేలితో నొక్కితే పగిలిపోతే అది చల్క రకం, తంగేడుకు ఏమీ కలపనక్కర్లేదు. అసలు ఉండే కట్టకుండా జారిపోతే ఉత్త ఇసుక, దానికి గుంతలో కొంచెం మట్టి కలపాలి. తీగలా సాగితే అది ఇసుక నేల కాదు. అలాంటి చోట జానెడు ఎత్తున కట్ట పోసి దాని మీద విత్తండి.

పైన ఇసుక ఉన్నంత మాత్రాన కింద కూడా ఇసుకే అని నమ్మొద్దు. అర మీటరు లోతులో గట్టి మొరం పొరో సుద్ద పొరో ఉండొచ్చు. ఒక అడుగు గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీళ్లు గంటలోపు ఇంకితే సరే. గంట దాటినా నిలిచి ఉంటే కింద పొర అడ్డుపడుతోంది. గడ్డపారతో ఆ పొరను పగలగొట్టాకే విత్తండి.

సముద్రపు తుంపర నేరుగా తగిలే ఇసుక దిబ్బ అయితే తంగేడు పెట్టి కష్టపడకండి. అక్కడికి బాలబంద తీగ సరైనది. దిబ్బ వెనక, ఏ సరుగుడు వరుసో అడ్డున్న చోట తంగేడు బాగానే పెరుగుతుంది.

4. గుంత తీయండి, కానీ మేపకండి

అడుగు వెడల్పు, అడుగున్నర లోతు. చల్క అయితే తీసిన మట్టినే గుల్ల చేసి తిరిగి నింపండి. ఉత్త ఇసుక అయితే మూడు తట్టల ఇసుకకు ఒక తట్ట ఎర్రమట్టి లేదా చెరువు మట్టి కలపండి. ఎరువు దోసెడు, అంతే.

గుంతనిండా ఎరువూ నల్లమట్టీ పోసి చుట్టూ ఇసుక వదిలేస్తే వేరు ఆ గుంత దాటి బయటికి పోదు. తిండీ తడీ అక్కడే దొరుకుతుంటే పోవాల్సిన పని దానికి లేదు. అలాంటి మొక్క మొదటి ఏడాది ముచ్చటగా ఉంటుంది, రెండో వేసవిలో మాడిపోతుంది. కలిపే మట్టి ఎప్పుడూ చుట్టూ ఉన్న నేలకు దగ్గరగా ఉండాలి.

పచ్చి పేడ అసలు వేయొద్దు. ఇసుక నేలలో అది చెదలను పిలుస్తుంది, లేత వేరును కాలుస్తుంది.

దూరం: పూల కోసం విడివిడి పొదలైతే నాలుగైదు అడుగులు. కంచెలా కావాలంటే రెండు, రెండున్నర అడుగులు. పశువులు దీన్ని పెద్దగా మేయవు, అందుకే గట్టు మీద కంచెకు బాగుంటుంది. కానీ లేత మొక్కను తొక్కేస్తాయి. మొదటి ఏడాది చుట్టూ నాలుగు ముళ్లకంపలు వేయక తప్పదు.

5. అదను చూసి విత్తండి

మృగశిరలో పడే మొదటి వానకు తొందరపడకండి. పైపొర తడిసి, మొలక వచ్చి, తర్వాత పది రోజులు వాన లేకపోతే ఇసుకలో లేత మొక్క నిలబడదు. గడ్డపారతో తవ్వి చూడండి, జానెడు లోతు తడి ఉండాలి. చాలా చోట్ల అది ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో, అంటే జూన్ చివరి నుంచి జులై రెండో వారం లోపు కుదురుతుంది. నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలే ఎక్కువ కాబట్టి అక్కడ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో విత్తుకోవచ్చు.

గుంత మధ్యలో పళ్లెంలా కొద్దిగా లోతు చేసి, నాలుగు వేళ్ల దూరంలో మూడు నాలుగు గింజలు వేయండి. లోతు ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు. బరువు నేలలో ఇంతకన్నా పైపైన వేస్తాం. ఇసుకలో పైపొర గంటల్లో ఆరిపోతుంది కాబట్టి కాస్త లోతుకు పోవాలి. కప్పాక అరచేత్తో గట్టిగా అదమండి. అదమకపోతే గింజకూ తడికీ మధ్య గాలి ఉండిపోయి, ఉబ్బిన గింజ కూడా ఎండిపోతుంది. పైన పలుచగా గడ్డి పరిచి, పక్కన ఒక పుల్ల గుచ్చండి, గుర్తుకు.

సిద్ధం చేసిన గింజ వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తుంది. మొలవగానే గడ్డిని పక్కకు జరపండి. మూడు వారాలైనా ఏమీ రాకపోతే తవ్వి గింజను చూడండి. గట్టిగా అలాగే ఉంటే పెంకు పగల్లేదు. మెత్తగా కుళ్లి ఉంటే తడి ఎక్కువైంది, లేదా గిల్లడం లోతైంది. అసలు కనిపించకపోతే చీమలో పక్షులో ఎత్తుకుపోయాయి, ఈసారి పైన ముళ్లకంప వేయండి.

మొదటి ఆకుల్లో జతలు తక్కువే ఉంటాయి కాబట్టి అది తంగేడో కలుపో అప్పుడే తేల్చకండి. ఐదారు ఆకులు వచ్చాక చెవి రేకులు చూసి నిర్ణయించండి. జానెడు ఎత్తు వచ్చాక బలమైన మొక్క ఒకటి ఉంచి, మిగతావి నేల మట్టానికి కత్తిరించండి. పీకొద్దు. పక్కపక్కనే ఉన్న వేళ్లు కలిసిపోయి ఉంటాయి, ఒకటి పీకితే రెండోదీ కదులుతుంది.

నేరుగా విత్తే వీలు లేకపోతే

సంచుల్లో పెంచండి, కానీ ఎత్తయిన సంచులు కావాలి, కనీసం అడుగు లోతు. మామూలు పొట్టి సంచిలో తల్లివేరు నెల తిరక్కుండానే అడుగు తాకి చుట్ట చుట్టుకుంటుంది, ఆ చుట్ట నేలలో నాటాక కూడా విడదు. సంచి మట్టిలో ఇసుక సగానికి మించొద్దు. మించితే సంచి చింపగానే మట్టి ముద్ద జారిపోయి వేరు తేలిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపు నాటేయాలి. సాయంత్రం పూట, సంచి అడుగు ముందుగా కోసి, గుంతలో పెట్టాక పక్కలు చీల్చి తీయండి. అడుగున వేరు వంకర తిరిగి ఉంటే ఆ వంకర వరకు కత్తిరించేయండి.

బీడులోంచి పెద్ద మొక్కను తవ్వి తెచ్చే ఆలోచన మానుకోండి. మోకాలెత్తు మొక్కకు వేరు అంతకన్నా లోతుంటుంది. ఎంత జాగ్రత్తగా తవ్వినా తెగుతుంది. ఇక్కడ మొక్క చస్తుంది, అక్కడ బీడు ఖాళీ అవుతుంది. కొమ్మ నాటి పెంచడం మీద కూడా నమ్మకం పెట్టుకోవద్దు.

మిద్దె మీదైతే అడుగున్నర లోతుకు తగ్గని కుండీ, మూడు వంతుల ఎర్రమట్టికి ఒక వంతు ఇసుక. కుండీ కింద పళ్లెం పెట్టకండి.

6. నీళ్లు: తక్కువ సార్లు, ఎక్కువ లోతు

ఇసుక నీటిని పట్టి ఉంచదు కాబట్టి రోజూ కొంచెం పోయాలనుకుంటారు. దానివల్లే మొక్క చెడుతుంది. రోజూ చెంబెడు పోస్తే పైన నాలుగు వేళ్ల లోతే తడుస్తుంది, వేరు అక్కడే తిరుగుతుంది. మీరు ఊరెళ్లిన వారం మొక్క ఎండిపోతుంది. రోజూ నడిచే డ్రిప్ కూడా ఇదే చేస్తుంది. డ్రిప్ ఉంటే రోజూ పది నిమిషాలు కాకుండా వారానికొకసారి గంటో రెండు గంటలో వదలండి.

మొదటి నెల: మూడు నాలుగు రోజులు వాన లేకపోతే ఉదయం లీటరు.
రెండు, మూడు నెలలు: వాన లేని వారానికి ఒకసారి మూడు నాలుగు లీటర్లు.
నాలుగో నెల నుంచి: పది పదిహేను రోజులకొకసారి ఎనిమిది నుంచి పది లీటర్లు.
మొదటి వేసవి: పదిహేను రోజులకొకసారి పది లీటర్లు, మొదలు చుట్టూ అడుగు దూరం వదిలి.
రెండో ఏడాది నుంచి: వానే చాలు. వేసవిలో ఉత్త ఇసుక మీదైతే నెలకొకసారి బకెట్ నీళ్లు.

ఈ లెక్క ఎండనూ నేలనూ బట్టి మారుతుంది. అందుకే చువ్వ కావాలి. నీళ్లు పోసిన మర్నాడు మొదలుకు అడుగు దూరంలో చువ్వ దింపి తీయండి. తడి ఇసుక అంటుకుని వస్తుంది, పొడిది రాలిపోతుంది. అడుగు లోతు వరకు అంటుకుంటే సరిపడా పోసినట్టు. బాగా ఎండిన ఇసుక ఒక్కోసారి నీటిని తాగదు. పైన తడిసినట్టుంటుంది, వేలు పెడితే కింద పొడి. అప్పుడు చువ్వతో నాలుగు చోట్ల గుచ్చి, కొన్ని నీళ్లు పోసి, పావుగంట ఆగి, మిగతావి పోయండి.

నీళ్లు తక్కువయ్యాయా, ఎక్కువయ్యాయా అన్నది ఆకే చెబుతుంది. అయితే రాత్రిపూట చూసి కంగారుపడకండి. తంగేడు చిట్టి ఆకులు చీకటి పడగానే జతలు జతలుగా ముడుచుకుంటాయి, అది దాని అలవాటు. పొద్దున ఎనిమిది గంటలకు చూడండి. అప్పటికీ విచ్చుకోకుండా వేలాడుతుంటే దాహం. కింది ఆకులు పసుపు తిరిగి రాలుతూ, మొదలు దగ్గర బెరడు నల్లబడి మెత్తగా తగిలితే నీళ్లు ఎక్కువయ్యాయి. ఈ రెండో స్థితిలో ఇంకా నీళ్లు పోస్తే మొక్క దక్కదు. మొదలు దగ్గర మట్టి తీసి గాలి తగలనివ్వండి, పదిహేను రోజులు నీళ్లు ఆపండి.

మొదలు చుట్టూ మూడు వేళ్ల మందాన ఆకులో వేరుశనగ పొట్టో పరచండి. కాండానికి మాత్రం తగలకూడదు, బెత్తెడు ఖాళీ ఉంచండి. లేకపోతే తడి కాండాన్ని కుళ్లబెడుతుంది, చెదలూ పడతాయి.

7. తుంచడం, కత్తిరించడం

పూల గుత్తులు ఎక్కువగా కొమ్మ చివర వస్తాయి. కొమ్మ కొసలు ఎన్నుంటే గుత్తులు అన్ని. అందుకే మొక్క మోకాలి దాకా రాగానే చిగురును రెండు ఆకుల కిందికి తుంచండి. పక్క కొమ్మలు వచ్చి జానెడు పెరిగాక వాటినీ ఒకసారి తుంచండి.

రెండో ఏడాది నుంచి కాయలు కోసుకున్నాక, వానలకు ముందు, మే చివర్లో కొమ్మల్లో మూడో వంతు కత్తిరించండి. నాలుగైదేళ్లకు పొద కింద బోసిపోయి కట్టె ముదిరితే నేల నుంచి అడుగెత్తు ఉంచి మొత్తం కొట్టేయండి. భయపడకండి, మోడు నుంచి బాగా చిగురిస్తుంది. తోలు ఊనడానికి (పచ్చితోలును పదును చేయడానికి) తంగేడు బెరడు వాడినన్నాళ్లు పొదలను ఇలాగే కొట్టి మళ్లీ మళ్లీ చిగురింపజేసేవారు.

జులై దాటాక కత్తెర ముట్టొద్దు. పండుగకు పూయాల్సిన కొసలు అప్పుడే తయారవుతుంటాయి.

పూలు రాకపోతే

జూన్, జులైలో విత్తిన మొక్కలు చాలావరకు రెండో వానాకాలంలో పూస్తాయి. మొదటి ఏడాదే ఒకటి రెండు గుత్తులు కనిపిస్తే సంతోషించండి, కనిపించకపోతే బెంగ వద్దు. రెండో ఏడు కూడా పూయకపోతే ఈ వరుసలో చూడండి: ఎండ ఆరు గంటలు పడుతోందా? యూరియా గానీ, పక్క మడి ఎరువు నీళ్లు గానీ చేరుతున్నాయా? ఆకు ముదురు ఆకుపచ్చగా, పెద్దగా, కొమ్మ మెత్తగా సాగుతూ ఉంటే నత్రజని ఎక్కువైనట్టే. వానాకాలం మధ్యలో కత్తిరించారా? చాలావరకు కారణం ఈ మూడింట్లోనే దొరుకుతుంది.

పూలు వచ్చి కాయలు పట్టకపోవడం వేరే సంగతి. తంగేడు పుప్పొడి తిత్తులు విచ్చుకోవు, కొసన చిన్న రంధ్రం ఉంటుంది. తుమ్మెద వాలి, తిత్తిని పట్టుకుని గుయ్‌మని కంపింపజేస్తేనే పుప్పొడి బయటికి రాలుతుంది. నల్లటి పెద్ద తుమ్మెదలు ఎండు కట్టెలో తొర్రలు చేసుకుని ఉంటాయి. పాత దుంగ ఒకటి పెరట్లో ఉండనివ్వండి, పూసే కాలంలో పురుగుమందు కొట్టకండి.

పురుగులు

ఆకుపచ్చగా, పక్కల సన్నటి గీతతో ఉండే గొంగళి పురుగులు ఆకులు తింటుంటే అవి లేత పసుపు, తెలుపు రంగుల్లో ఎగిరే వలస సీతాకోకల పిల్లలు. వాటికి ఆహారం ఈ జాతి మొక్కలే. పెద్ద పొద వాటిని తట్టుకుని రెండు వారాల్లో మళ్లీ చిగురిస్తుంది, ఏమీ చేయనక్కర్లేదు. మూడు నెలల్లోపు మొక్క మీదుంటే మాత్రం చేత్తో తీసి పెద్ద పొద మీదో తంటెం మీదో వదిలేయండి.

పిండినల్లి, పేనుబంక పడితే గట్టిగా నీళ్లు చిమ్మండి. పోకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి, సాయంత్రం, పూల మీద పడకుండా కొట్టండి.

ఎదగకుండా ఉండిపోయిన మొక్కను ఎప్పుడైనా పీకి చూస్తే వేళ్లకు బుడిపెలు కనిపించవచ్చు. చిక్కుడు జాతి కదా అని మంచివనుకోకండి. తంగేడు వేరు మీద బుడిపెలుంటే అవి నులిపురుగులవి, ఇసుక నేలల్లో ఇవి ఎక్కువ. ఆ గుంతలో మళ్లీ తంగేడు వేయకుండా ఒక ఏడాది బంతి వేయండి.

వేసవిలో ఆకు రాలితే

ఏప్రిల్, మే నెలల్లో పొద సగం ఆకు రాల్చి చచ్చినట్టు కనిపించడం మామూలే. పీకేయకముందు కొమ్మ బెరడును గోటితో గీయండి. లోపల ఆకుపచ్చగా ఉంటే బతికే ఉంది. పొడిగా గోధుమరంగులో ఉంటే ఇంకా కిందికి గీస్తూ పోండి. పచ్చదనం తగిలిన చోటికి రెండు వేళ్ల పైన కత్తిరించండి. మొదలు దాకా ఎక్కడా పచ్చ లేకపోయినా తొలకరి వానలు రెండు మూడు పడేవరకు ఆగండి, వేరు నుంచి చిగురు రావచ్చు.

పూలు కోసేటప్పుడు

కొమ్మను విరిచి గుంజొద్దు, బెరడు చీలి కిందిదాకా ఊడిపోతుంది. గుత్తి కింద రెండు ఆకులు వదిలి కత్తెరతో కోయండి, ఆ ఆకుల పక్క నుంచే తర్వాతి కొమ్మ వస్తుంది. పొద్దున్నే కోసి తడి గుడ్డలో చుడితే సాయంత్రం బతుకమ్మ పేర్చేదాకా వాడవు. పొదకు మూడో వంతు గుత్తులు ఉంచేయండి, వచ్చే ఏడాది విత్తనం వాటి నుంచే. పక్కనే గునుగు కూడా కావాలనుకుంటే అది ఏడాది మొక్క, గింజకు పెంకు బాధ లేదు, తంగేడు విత్తిన రోజే ఖాళీలో పైపైన చల్లేయండి.

పొద చుట్టూ రాలిన కాయల నుంచి రెండో మూడో ఏడాది పిల్ల మొక్కలు వస్తాయి. అవి మార్చి నాటాలనుకుంటే నాలుగైదు ఆకులున్నప్పుడే, వాన ముసురు పట్టిన రోజున, గడ్డపారతో అడుగు లోతు మట్టి ముద్దతో సహా ఎత్తండి. అంతకన్నా పెద్దవైతే ఎక్కడ మొలిచిందో అక్కడే పెరగనివ్వండి, లేదా కత్తిరించేయండి.